కొంగల రెట్టలో మన నీటి కబురు

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దాటి నౌపడ వైపు వెళ్తే తేలినీలాపురం వస్తుంది. సెప్టెంబరు వచ్చేసరికి ఆ ఊరి చెట్లు పక్షులతో కిక్కిరిసిపోతాయి. తెలుగు పుస్తకాలు గూడబాతులని పిలిచే పెలికాన్లు, తోక దగ్గర గులాబీరంగు పూసుకున్నట్టుండే పెయింటెడ్ స్టార్క్ కొంగలు అక్కడ గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, వేసవి ముదిరేలోపు వెళ్లిపోతాయి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికైతే తొలకరితోనే ఓపెన్‌బిల్ కొంగలు వచ్చేస్తాయి. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఆ కొంగలకు వరిచేలలో దొరికే నత్తలే ప్రధానమైన మేత. ఈ రెండు ఊళ్లలోనూ పక్షుల రాకను శుభంగా చూస్తారు, వాటి మీద రాయి పడనివ్వరు. ఎన్ని పక్షులు వచ్చాయి, ఎన్ని గూళ్లు కట్టాయి అన్న లెక్క పత్రికల్లో కూడా వస్తుంది. మన చర్చల్లోకి రాని లెక్క ఇంకొకటుంది. అది చెట్టు కింద తెల్లగా పరుచుకునే రెట్టది. అందులో ఏ బ్యాక్టీరియా ఉంది, అది మనుషులకు సోకే రకమా, మందులకు లొంగే రకమా అన్నది పక్షులు ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడే, ఏటా క్రమం తప్పకుండా చూసి రాసి పెట్టుకోవాలి. ఇదీ నా వాదన. పక్షుల మీద అనుమానంతో చెబుతున్న మాట కాదిది. ఎందుకో వివరిస్తాను.

ముందు ఒక పాత పొరపాటును సరిచేసుకోవాలి. ఈ కొంగలు సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరి వస్తాయని మనవాళ్లు చెప్పుకుంటారు, పత్రికలూ రాస్తాయి, బడి పిల్లలు వ్యాసాల్లో దించుతారు. వినడానికి బాగుంటుంది. కానీ ఇక్కడ గూడు కట్టే పెలికాన్ గానీ, పెయింటెడ్ స్టార్క్ గానీ, తేలుకుంచి ఓపెన్‌బిల్ గానీ సైబీరియా పక్షులు కావు. దక్షిణాసియాలోనూ, దాని తూర్పు పొరుగు దేశాల్లోనూ పుట్టి పెరిగే జాతులివి. నీళ్లూ మేతా చూసుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతుంటాయి, అంతే. నౌపడ ఉప్పుమడుల్లో దిగే చిన్న చిన్న నీటిపిట్టల్లో, బాతుల్లో కొన్ని మాత్రం నిజంగానే ఉత్తరాది చలిదేశాల నుంచి వస్తాయి. ఈ తేడా పక్షిశాస్త్రం చదివేవాళ్లకే కదా అనుకోవద్దు. మన విషయానికి ఇదే ఆయువుపట్టు. పక్షి విదేశీదైతే దాని కడుపులోని రోగమూ విదేశీదే అనుకుని చేతులు దులుపుకోవచ్చు. ఈ పెలికాన్ తినేది మన చెరువు చేప, తాగేది మన తంపర (చిత్తడి నేల) నీళ్లు. ఈ ఓపెన్‌బిల్ ఏరుకునేది మన చేలో నత్త. మన మురుగు ఎక్కడ కలుస్తుందో, మన కోళ్లఫారం కడిగిన నీళ్లు ఎటు పారుతాయో అక్కడే అవి కాళ్లు పెట్టి నిలబడతాయి. వాటి రెట్టలో దొరికే బ్యాక్టీరియాలో మన చేతుల మీదుగా వెళ్లిన వాటా గట్టిగానే ఉంటుందని ఊహించడానికి కారణం ఉంది. ఊహ ఎంతవరకు నిజమో పరీక్షిస్తేనే తెలుస్తుంది.

పక్షుల నుంచి మనుషులకు చేరగల బ్యాక్టీరియాలో ముఖ్యమైనవి మూడు. కడుపునొప్పి, జ్వరం, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా ఒకటి. దాదాపు అలాంటి బాధే పెట్టే కాంపైలోబ్యాక్టర్ రెండోది. న్యుమోనియాలా కనిపించే సిటకోసిస్ జ్వరాన్ని తెచ్చే క్లమిడియా మూడోది. దీన్ని చిలక జ్వరం అని కూడా అంటారు. 1929-30లో దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వెళ్లిన పెంపుడు చిలకల వల్ల ఐరోపాలో, అమెరికాలో వందల మందికి సోకింది. ఇక అడవి పక్షుల సంగతి. అమెరికాలో 2020-21 చలికాలంలో పైన్ సిస్కిన్ అనే చిన్న పిట్టలు గుంపులుగా చచ్చిపోయాయి. అదే సాల్మొనెల్లా పన్నెండు రాష్ట్రాల్లో 29 మందికి సోకినట్టు ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ తేల్చింది. పెరట్లో పిట్టలకు గింజలు వేసే గిన్నెలతో ఈ కేసులకు సంబంధం కనిపించింది. 2008లో అలాస్కాలో పచ్చి బఠానీలు తిన్న అరవై మందికి పైగా కాంపైలోబ్యాక్టర్ జబ్బు చేసినట్టు ల్యాబులో నిర్ధారణ అయింది. ఆరా తీస్తే బఠానీ చేలో మేసిన సారసజాతి పక్షుల రెట్ట దాకా వెళ్లింది. అంటే దారి ఉంది. కానీ ఆ దారి ఎంత వెడల్పన్నదీ నిజాయితీగా చెప్పుకోవాలి. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఏళ్ల తరబడి రోగుల నుంచి తీసిన కాంపైలోబ్యాక్టర్‌ను జన్యువుల స్థాయిలో పోల్చి చూశారు. అడవి పక్షులకు అంటగట్టగలిగింది నూటికి రెండు మూడు కేసులు మాత్రమే. మిగతాదానిలో పెద్ద వాటా మనుషులు డబ్బులిచ్చి కొనుక్కున్న కోడిమాంసానిదే.

ఇక్కడ తెలివైన శ్రోత ఆగి అడుగుతాడు. నూటికి రెండో మూడో అయితే ఇంత హంగామా దేనికయ్యా, ఆ డబ్బేదో కోళ్లఫారాల మీద పెట్టొచ్చు కదా అని. సరైన ప్రశ్న. అయితే ఆ రెండూ మూడూ ఎక్కడివి? చేతులు తుడుచుకునే కాగితం మొదలు మంచినీటి గొట్టం దాకా అన్నీ వేరుగా ఉన్న ఊరివి. మన దగ్గర పక్షులున్న చెట్టు ఇంటి పెరట్లో ఉంది. ఆ చెట్టు కిందే నాటుకోళ్లు కెలుకుతాయి, పిల్లలు చింతకాయలు ఏరుకుంటారు, పక్క చెరువులో గిన్నెలు తోముతారు. తిరుపతి జిల్లా నేలపట్టులో గూడబాతుల రెట్ట కలిసిన చెరువునీళ్లు పొలానికి బలమని రైతులు మురిపెంగా పారించుకుంటారు. అది నిజంగానే బలం. అదే సమయంలో అది ఒక దారి కూడా. మరోవైపు మనం అన్నం, కూర ఉడికించే తింటాం. పచ్చి బఠానీలు బుట్టలకొద్దీ నమిలే అలవాటు మనకు లేదు. కాబట్టి మన లెక్క రెండుకన్నా తక్కువ కావచ్చు, పది కావచ్చు. పరాయి ఊరి లెక్క తెచ్చి మన ఊరికి అతికించుకోలేం. ప్రమాదం చిన్నదే అని ధైర్యం చెప్పాలన్నా చేతిలో మన అంకె ఉండాలి.

ఇంతకన్నా గట్టి కారణం మందులకు లొంగని బ్యాక్టీరియా. జబ్బు తెచ్చే క్రిమి పక్షిలో ఉన్నా లేకపోయినా, దాని పేగుల్లో ఈ-కోలై అనే మామూలు బ్యాక్టీరియా సాధారణంగా ఉంటుంది. ఆ ఈ-కోలై ఏ ఏ యాంటీబయాటిక్‌లను తట్టుకుంటోందో చూస్తే, ఆ పక్షి తిరిగే నీళ్లలో ఏం కలుస్తోందో కొంతవరకు తెలిసిపోతుంది. మనుషుల ఆనవాలు కూడా అరుదైన ఆర్కిటిక్ మంచు ప్రాంతపు పక్షుల్లో మందులకు లొంగని ఈ-కోలై ఉందని 2008లో ప్రచురితమైన పరిశోధనే చెప్పింది. మంచుకొండల దగ్గరే అలా ఉంటే, రొయ్యల చెరువులూ కోళ్లఫారాలూ ఆస్పత్రి మురుగూ ఒకే కాలువలో కలిసే కోస్తాలో ఎలా ఉండాలి? కోళ్ల మేతలో, పశువుల మందుల్లో కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. మనుషులకు మిగిలిన ఆఖరి మందుల్లో అదొకటి కాబట్టి. రొయ్యల చెరువుల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల మీద అంతకు చాలాముందే నిషేధం ఉంది. నిషేధం కాగితం మీద ఉంది సరే, నీళ్లలో ఉందా? ఎగుమతి రొయ్యకు మందుల అవశేషాల పరీక్ష జరుగుతుంది, విదేశీ కొనుగోలుదారు ఊరుకోడు కనుక. ఆ చెరువుగట్టు మీద రోజంతా నిలబడే కొంగ మన కోసం అలాంటి పరీక్షే ఒకటి చేసి పెడుతోంది, కూలి అడక్కుండా. ఫలితాన్ని చెట్టు కింద వదిలి వెళ్తోంది. చదివేవాళ్లు కావాలి.

జబ్బు వచ్చినప్పుడు పరీక్షిస్తూనే ఉన్నారు కదా అంటారు అధికారులు. పరీక్షిస్తున్నారు, నిజమే. అయితే ఎప్పుడు, ఏ ప్రశ్నతో? 2021 చివర్లో, 2022 మొదట్లో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. జనం నోట మొదట వినిపించిన మాట బర్డ్ ఫ్లూ. తేలిందేమో కడుపులో పురుగులని. చేపల ద్వారా చేరే జాతి పురుగులవి. కర్ణాటకలోని కొక్కరె బెల్లూరు గూడబాతులకు అంతకు కొన్నేళ్ల ముందే అలాంటి గతే పట్టింది. రాజస్థాన్‌లోని సాంభర్ ఉప్పు సరస్సు కథ ఇంకా పెద్దది. 2019 నవంబరులో అక్కడ 18 వేలకు పైగా పక్షులు చచ్చిపోయాయి. నమూనాలు ముందు భోపాల్ ల్యాబుకు వెళ్లాయి, బర్డ్ ఫ్లూ కాదన్న జవాబు వచ్చింది. ఏమిటన్నది తేలడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ అది బొట్యులిజం అని, అంటే ఒక బ్యాక్టీరియా తయారుచేసే విషమని చెప్పింది. పక్షుల్ని చంపే ఆ రకం మనుషులకు దాదాపుగా రాదు. కానీ ఆ జబ్బులో ఒక పక్షి శవంలో పుట్టిన పురుగుల్ని ఇంకో పక్షి తిని చస్తుంది. శవాలు ఎంత తొందరగా ఎత్తేస్తే అంత తొందరగా జబ్బు ఆగుతుంది. అక్కడ ఆలస్యమైన ప్రతి రోజుకూ లెక్క ఉంది. బర్డ్ ఫ్లూ అవునా కాదా అన్న ఒక్క ప్రశ్నే అడిగితే, కాదు అన్న జవాబు దగ్గర మన పని ఆగిపోతుంది. బర్డ్ ఫ్లూ చిన్న విషయమని నేననను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాలు ఎంత నష్టపోయాయో అందరూ చూశారు. దాని మీద కన్ను ఉండాల్సిందే. ఆ ఒక్కదాని మీదే ఉంటే చాలదు.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. పక్షుల్లో ఫలానా క్రిమి దొరికిందని బయటపెడితే జనం భయపడతారు, చెట్లు కొట్టేస్తారు, తరతరాలుగా కాపాడుకున్న కొంగల్ని తరిమేస్తారు అని పక్షిప్రేమికులు ఆందోళన పడతారు. భయం అసలు లేనిదని కొట్టిపారేయలేం. కానీ పరీక్ష చేయకపోతే భయం పుట్టదా? గూడబాతులు రాలిపోతున్నప్పుడు ఏ రిపోర్టూ చేతిలో లేకుండానే ఫ్లూ అన్న పుకారు పుట్టింది. రిపోర్టు లేని చోటే పుకారుకు బలం. దీనికి మన దేశంలోనే పాత రుజువు ఉంది. 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి, మనుషులకు జ్వరాలు వచ్చాయి. దొరికిన వైరస్ రష్యాలోని ఒక వైరస్‌కు దగ్గరి చుట్టం. దాంతో వలసపక్షులే మోసుకొచ్చాయేమోనని అనుమానం వాటి మీద పడింది. ఆ అనుమానం తీర్చడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ, సలీం అలీ నాయకత్వంలో, 1959లో పక్షుల కాళ్లకు రింగులు వేసే పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. పక్షులు తెచ్చాయన్న దానికి ఆధారం దొరకలేదు. ఆ జబ్బు ఆ అడవిదే, అక్కడి పిడుదులదే అని తేలింది. పైగా మన దేశంలో ఏ పక్షి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందన్న జ్ఞానంలో పెద్ద భాగం ఆ రింగుల పుణ్యమే. ముద్దాయిగా బోనెక్కిన పక్షులు నిర్దోషులుగా దిగాయి. అలా దిగడానికి విచారణ జరగడమే కారణం. ఇక ఫలితాన్ని ఎలా చెప్పాలన్నది వేరే సంగతి. పత్రికకు ఎక్కకముందే ఊరి పెద్దలకు, ఆశా కార్యకర్తకు చెప్పాలి. ఫలానా క్రిమి దొరికింది, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు, చెట్టు కొట్టాల్సిన పని లేదు అని తెలుగులో, నాలుగు మాటల్లో చెప్పాలి.

పక్షుల వల్ల ఇక్కడ ఒక్క మనిషికైనా జబ్బు చేసిందా అని ఇంకొందరు అడుగుతారు. చేసినట్టు రుజువు నేను చూపించలేను. చేయలేదని రుజువు వాళ్లూ చూపించలేరు. విరేచనాలతో పల్లె ఆస్పత్రికి వచ్చిన మనిషికి సెలైనూ మాత్రలూ ఇస్తారు, ప్రాణం నిలబడుతుంది, సంతోషం. మలం కల్చర్‌కు ఎందరిది పంపుతారు? చిలక జ్వరమైతే మామూలు కల్చర్‌లో అసలు దొరకదు, దానికి వేరే పరీక్ష కావాలి. అందరూ వాడే అమోక్సిసిలిన్ దాని మీద సరిగా పనిచేయదు, డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. పేరు తెలిస్తే మాత్ర మారుతుంది. 2025 మొదట్లో పుణెలో, ఆ వెంటనే మన రాష్ట్రంలోనూ గిలియన్-బారీ సిండ్రోమ్ కేసులు వచ్చినప్పుడు కాంపైలోబ్యాక్టర్ పేరు మొదటిసారి ఇంటింటా వినిపించింది. ఆ బ్యాక్టీరియా సోకి తగ్గిన కొద్దిమందికి తర్వాత నరాలు పట్టుతప్పుతాయి. పుణెలో వేళ్లన్నీ కలుషితమైన నీళ్ల వైపే చూపాయి, అడవి పక్షుల ప్రసక్తి లేదు. నేను ఆ సంగతి ఎత్తింది ఆ నీళ్ల కోసమే, మన కొంగలు నిలబడేదీ మన మురుగు కలిసే నీళ్లలోనే కనుక.

కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానం ప్రాంతంలో ఈ మాట చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇక్కడి కిడ్నీ జబ్బుకూ పక్షులకూ సంబంధం ఉందని నేను అనడం లేదు, ఎవరూ అలా అనుకోకూడదు. కిడ్నీ జబ్బు నేర్పిన పాఠం వేరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో రెండు దశాబ్దాలకు పైగా ఎందరో పరిశోధకులు నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, రక్తం పరీక్షించారు. నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా, లేక ఇవన్నీ కలిసా అన్నది ఇప్పటికీ తెగలేదు. తెగకపోవడానికి ఒక కారణం సులభంగానే కనిపిస్తుంది. జబ్బు ముదరకముందు ఇక్కడి నీళ్లు ఎలా ఉండేవో, మనుషుల రక్తం ఎలా ఉండేదో రాసిపెట్టినవాళ్లు లేరు. వెనక్కి వెళ్లి ఆ నీళ్లు తోడుకోలేం. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి మొదలయ్యాయి, వంశధార నీళ్లు గొట్టాల్లో వచ్చాయి. ఇవి రావలసినవే, కానీ ఆ పాత లెక్క మాత్రం ఇక రాదు. పక్షుల విషయంలో అదే తప్పు మళ్లీ చేసే దశలో ఉన్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ పడగొట్టింది. 2023 ఏప్రిల్‌లో సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు పనులు మొదలయ్యాయి. ఈ తీరపు నీళ్లు వచ్చే ఇరవై ఏళ్లలో మారతాయి. ఎంత మారాయో చెప్పాలంటే ఇవాళ్టి లెక్క ఉండాలి. పైగా డయాలిసిస్ మీద ఉన్న మనిషి ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తక్కువ. ఆరోగ్యవంతుడిని మూడు రోజులు బాధపెట్టి పోయే సాల్మొనెల్లా అలాంటి మనిషి రక్తంలోకి దిగగలదు. ఎన్నో ఇళ్లలో అలాంటి రోగులున్న సీమకు నూటికి రెండు కేసులు కూడా చిన్న లెక్క కావు.

పని ఎలా చేయాలన్నది అనుకున్నంత కష్టం కాదు. పెలికాన్‌ను పట్టుకోవాల్సిన అవసరం లేదు. పట్టుకోవాలంటే వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి, పక్షికీ బాధ. రాత్రి చెట్టు కింద శుభ్రమైన ప్లాస్టిక్ పరదా పరిచి, తెల్లవారగానే తాజా రెట్టను గ్లవుజులతో, దూది పుల్లతో తీసి, బ్యాక్టీరియా చావకుండా ఉంచే ద్రావణంలో వేసి, ఐసుపెట్టెలో పంపాలి. కాంపైలోబ్యాక్టర్‌కు గాలీ ఎండా పడవు, కాబట్టి ఎండిపోయిన రెట్ట తీసుకెళ్లి ఏమీ దొరకలేదంటే దానికి అర్థం లేదు. లెక్కలోనూ ఒక కిటుకు ఉంది. ముప్ఫై నమూనాలు చూసి ఒక్కదానిలోనూ క్రిమి దొరకకపోతే పక్షులన్నీ శుభ్రం అనేస్తాం. నిజానికి అప్పుడు కూడా నూటికి పది పక్షుల్లో ఆ క్రిమి ఉండే అవకాశం మిగిలే ఉంటుంది. మూడు వందలు చూసి సున్నా వస్తే ఆ పది ఒకటికి దిగుతుంది. అందుకే ఒక్కసారి వచ్చి, ఫొటో దిగి, నమూనాలు తీసుకుపోయే పరిశీలన మనకు పెద్దగా ఉపయోగపడదు. పక్షులున్న నెలలన్నిటా, ఏటా, అవే చెట్ల కింద తీయాలి. ఆ చెట్ల కింద తిరిగే నాటుకోడి రెట్ట, పక్క చెరువు నీళ్లు, ఆ వారం విరేచనాలతో ఆస్పత్రికి వచ్చినవాళ్ల నమూనాలు కూడా వాటితోపాటే వెళ్లాలి. నాలుగింటిలోనూ ఒకే రకం బ్యాక్టీరియా కనిపిస్తే అది ఎటు నుంచి ఎటు పోతోందో జన్యు పరీక్ష కొంతవరకు చెప్పగలదు. ఒక్క పక్షినే పరీక్షిస్తే నేరం పక్షిదే అన్నట్టు కనిపిస్తుంది, అది శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదు.

డబ్బు కంటే, ల్యాబు కంటే పెద్ద అడ్డంకి శాఖల గోడ. చెట్టు మీదున్నంత సేపు పక్షి అటవీశాఖది. కింద కెలికే కోడి పశుసంవర్ధక శాఖది. చెరువు మత్స్యశాఖది. జ్వరం వైద్యశాఖది. రెట్ట ఎవరిదో ఏ జీవోలోనూ ఉన్నట్టు లేదు! మనిషి, పశువు, పర్యావరణం మూడింటి ఆరోగ్యాన్నీ ఒక్కటిగా చూడాలన్న వన్ హెల్త్ మిషన్‌ను కేంద్రం ప్రకటించింది. ఢిల్లీలో ఆ మాట పెద్దగా వినిపిస్తుంది. తేలినీలాపురంలో అది ఎలా ఉండాలో చెబుతాను. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. రెండూ కొన్ని గంటల ప్రయాణంలోనే. పశువైద్య విద్యార్థి రెట్టను, వైద్య విద్యార్థి రోగి నమూనాను ఒకే పద్ధతిలో పరీక్షించి, ఒకే పుస్తకంలో రాస్తే చాలు. తేదీ, చెట్టు గుర్తు, దొరికిన బ్యాక్టీరియా, లొంగిన మందు, లొంగని మందు, ఐదు గడులు. దానికో నకలు పక్షుల కేంద్రం గోడ మీద, ఎన్ని పక్షులొచ్చాయో రాసే బోర్డు పక్కనే అతికించాలి. ఆ పుస్తకం తెరిచేదాకా చెట్ల కింద కాపురాలు ఉన్నవాళ్లు గూటి నుంచి పడ్డ పిల్లను వట్టిచేత్తో ఎత్తకూడదు. రెట్ట ఎండిపోయాక పొడిగా ఊడ్వకూడదు, నీళ్లు చల్లి ఊడవాలి. ఒకే చోట నాలుగైదు పక్షులు చచ్చి కనిపిస్తే పాతిపెట్టడానికి ముందే అటవీ, పశువైద్య సిబ్బందికి కబురు చెప్పాలి, నమూనా చేజారిపోకుండా.